వదులైన కుసి, విచ్చిన పలక: పాత కొయ్యసామానుల మరమ్మతు

మన యిండ్లలో కొయ్యసామానులు మనుష్యులతోపాటే వృద్ధములగుచుండును. పెండ్లికి పుట్టినింటివారు సారెతో పంపిన పట్టెమంచము, తాతగారు మధ్యాహ్నవేళ నడుము వాల్చిన పడకకుర్చీ, ఇత్తడి పాత్రలకు నెలవైన భోషాణము, పిల్లలందరును వరుసగా అక్షరములు దిద్దిన వ్రాతబల్ల, వీనిలో ఏదియో యొకటి లేని యిల్లు అరుదు. ఒకనాడు ఆ కుర్చీ కూర్చుండగానే కిర్రుమనును. కొన్ని నెలలకు ప్రక్కకు ఒరుగును. అప్పుడు దానిని హాలునుండి వసారాకు, వసారానుండి అటకమీదికి తరలింతుము. తుదకు పాతసామానులు కొనువాడు వచ్చినప్పుడు వంటచెరకు వెలకు అది మన వీథి దాటిపోవును. ఇంకొక తరమునకు పనికివచ్చు టేకు ఒక్క గరిటెడు బంక లేక పోయినదన్నమాట.

సామాను చెడుటకు దాని వయస్సే కారణమని మన మనుకొందుము. చాలవరకు అది నిజము కాదు. చేవగల టేకును ఇరుగుడును చెదలకు, తేమకు బాగుగా తట్టుకొను కొయ్యలు. సాధారణముగా చెడునది కొయ్య కాదు, అతుకు. అతుకు చెడినపుడు మనము చేయు తొందరపాటు వైద్యము వలన కొయ్య కూడ చెడును.

మా యింటి సంగతియే చెప్పెదము. మా ముత్తాతగారు 1942 నాటి యుద్ధమునకు పూర్వము రంగూనులో కొలువు చేసి, ఓడలో తెచ్చుకొన్న బర్మాటేకు చేతులకుర్చీ యొకటి మాకున్నది. మేము కళాశాలలో చదువుకొను రోజులలో దాని వెనుకకాలి అతుకు వదులైనది. ఉత్సాహము కొలది మేము నాలుగు మేకులు తెచ్చి అతుకు మీదనే దిగగొట్టితిమి. మూడు నెలలు కుర్చీ కదలలేదు. నాలుగవ నెలలో మేకుల వెంబడి కాలు నిలువున చీలినది. ఆ సమయమున దానిలో మా నాయనమ్మ కూర్చుండియుండెను. దైవవశమున ప్రక్కనున్న గోడ ఆమెను ఆపినది. తరువాత వచ్చిన వృద్ధ వడ్రంగి కాలిని తడిమి చూచి, "బాబూ, కుర్చీకి వదులే జబ్బు. మీరు మేకులతో దానికి గాయం కూడా చేసినారు" అనెను. ఆ మాట మాకు నేటికిని జ్ఞప్తియందున్నది. ఈ ప్రసంగమునకు మూలము ఆ మాటయే.

అతుకు ఎందుకు వదులగునో ముందు తెలిసికొనవలెను. కారణము తెలియక చేసిన మరమ్మతు నిలువదు. కొయ్య చెట్టునుండి విడివడిన తరువాత కూడ గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు ఉండును. తేమ పీల్చినపుడు ఉబ్బును, విడిచినపుడు ముడుచుకొనును. ఈ ఉబ్బు, ముడుత అన్ని దిక్కులను సమానముగా నుండవు. పచ్చి టేకును పూర్తిగా ఆర్చినచో, వార్షిక వలయముల వెంబడి అది నూటికి 5 లేక 6 పాళ్లు తగ్గును. వలయములకు అడ్డముగా అందులో దాదాపు సగము తగ్గును. పొడవున మాత్రము లెక్కింపదగినంత మార్పు ఉండదు. ఇంటిలో నున్న పాతబల్ల పూర్తిగా పచ్చిగాను పూర్తిగా ఎండియు ఉండదు గనుక మార్పు ఇంతకంటె తక్కువ. అయినను 300 మిల్లీమీటర్ల వెడల్పుగల పలక వేసవికిని వర్షకాలమునకును నడుమ సుమారు రెండు మిల్లీమీటర్ల వరకు మారవచ్చును. శ్రావణమాసములో మూతపడని బీరువా తలుపు వైశాఖములో తనంతట తానే తెరుచుకొనుటకు ఇదియే కారణము.

ఇప్పుడు కుర్చీ అతుకును తలచుకొనుడు. అడ్డపట్టె చివరను నాలుకవలె సన్నగా చెక్కిన భాగము కుసి. అది దూరుటకై కాలిలో ఉలితో తొలిచినది బెజ్జము. కుసి నార అడ్డముగాను, కాలి నార నిలువుగాను ఉన్నవి. వానకాలమున కుసి వెడల్పున ఉబ్బును. కాలు తన పొడవున ఉబ్బదు గనుక బెజ్జము ఆ మేరకు చోటీయదు. అందువలన కుసి తనలో తాను నలిగిపోవును. వేసవిలో ముడుచుకొన్నపుడు మొదటికంటె సన్నగా మిగులును. ఏటేట ఈ రెండు కొయ్యల మధ్య బంకపొర అటునిటు లాగబడి పగులును. సముద్రతీరపు జిల్లాలలో తేమ యెక్కువ, తెలంగాణమునందును రాయలసీమయందును వేసవి గాలి మిక్కిలి పొడి. కావున కాకినాడలో చేసిన బల్ల కర్నూలు చేరినపుడు పగులుట వింత కాదు. నేడు పగలు ఎండ, రాత్రి ఏసీ యను గదులలో ఈ మార్పు ఏటికొకసారి గాక దినమున కొకసారి జరుగుచున్నది. పాతసామానును ఏసీ గాలి సూటిగా తగులు చోటను, ఎండ పడు కిటికీ దగ్గరను, కారు గోడకు ఆనించియు ఉంచరాదు.

రెండవది బంక సంగతి. పూర్వము మన వడ్రంగులు పశుచర్మములనుండి తీసిన వజ్రమును వాడెడివారు. వజ్రపు పలుకులను చన్నీటిలో రాత్రియంతయు నానవేసి, నీరున్న పెద్దగిన్నెలో చిన్నగిన్నె నుంచి కాచి, వేడివేడిగా పూయుదురు. వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నుండవలెను. తెర్లనిచ్చినచో దాని పట్టు తగ్గును. వజ్రమునకు రెండు గుణములున్నవి. వేడినీరు తగిలిన మరల మెత్తబడును. కొత్తగా పూసిన వజ్రము పాతదానితో కలిసిపోవును. అనగా ఆ సామాను మరల విప్పి బాగుచేసికొనుటకు వీలుగా చేయబడినదన్నమాట. దాని లోపమును ఇదియే. ఎడతెగని తేమలో అది పట్టు విడుచును. మన దేశమున 1959లో ఫెవికాల్ వచ్చిన తరువాత తెల్లబంక వజ్రము స్థానమును చాలవరకు ఆక్రమించినది. దానిని కాచనక్కరలేదు, పట్టు గట్టిది. కాని ఒకసారి ఆరిన తెల్లబంక మీద కొత్త తెల్లబంక సరిగా అంటదు, సందులను నింపుట కూడ దానివలన కాదు. కావున వదులైన అతుకులోనికి పైనుండి బంక పోసి ఊరకుండుట వ్యర్థము. అది పాతబంక మురికిమీద పొరగట్టి, తరువాత వచ్చు వడ్రంగికి పని పెంచును.

ఇక మరమ్మతు క్రమము. మొదట కుర్చీని సమతలమైన గచ్చుమీద నిలిపి, ఒక్కొక్క అతుకును చేతితో కదలించి, కదలుచున్న వానికి సుద్దతో గుర్తు పెట్టుడు. ప్రతి భాగమునకును అంకె వేయుడు. సెల్‌ఫోను ఉన్నవారు నాలుగు వైపులనుండి ఫొటోలు తీసికొనుట మంచిది. విప్పిన తరువాత ఏ పట్టె ఏ కాలిదో తెలియక చిక్కుపడువారు చాలమంది. పిదప అతుకులో మేకుగాని, మరచీలగాని, కొయ్యసీలగాని ఉన్నదేమో చూడవలెను. మేకులను పట్టకారుతో లాగివేయవలెను. కొయ్యసీలను బరమాతో మెల్లగా తొలిచి తీయవలెను. సీల తీయకుండ కొట్టినచో కుసి విరుగును.

లోపలి బంక ఏదియో తెలియుటకు, బయటికి పొంగి ఆరిన బంకచుక్క మీద వేడినీటితో తడిపిన గుడ్డ కొంతసేపు ఉంచి వ్రేలితో తాకి చూడుడు. జిగురై వ్రేలికి అంటుకొన్నచో వజ్రము. తెల్లబారి రబ్బరువలె సాగినచో తెల్లబంక. వజ్రమైనచో వేడిగుడ్డను అతుకుచుట్టు చుట్టి, మరల మరల మార్చుచుండవలెను. తెల్లబంకకు వేడి వినిగరు కొంత తోడ్పడును, కాని ఓపిక ఎక్కువ కావలెను. నీరుగాని వినిగరుగాని పాలిషును తెల్లబార్చును గనుక గుడ్డను అతుకు దాటి పోనీయకుడు. మెత్తబడిన తరువాత అతుకునకు దగ్గరగా గుడ్డచుట్టిన కొయ్యముక్కను ఆనించి, కొయ్యసుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయుడు. ఇనుపసుత్తి వలదు. గట్టిగా నిలిచియున్న అతుకులను విప్పవలదు. జబ్బులేని చోటికి మందెందుకు?

విడివడిన కుసిమీదను, బెజ్జములోను ఉన్న పాతబంకను గీకి తీయుట ఈ పనియందు అన్నిటికంటె ముఖ్యము. బంక కొయ్యకు అంటవలెను గాని మురికికి కాదు. అయితే గీకునపుడు కొయ్యను చెక్కివేయరాదు. చెక్కిన మేర కుసి మరింత వదులగును. తడిసిన భాగములను రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, బంక లేకుండనే ఒకసారి కూర్చి చూడుడు. కుసి చేతి ఒత్తిడితో బిగువుగా దూరి, తనంతట తాను జారక నిలిచినచో చాలును. వదులుగా నున్నచో అదేజాతి కొయ్యనుండి చిత్రిక పట్టగా వచ్చిన పలుచని పొరను కుసి నార వెంబడి బంకతో అంటించి, ఆరిన పిదప గరుకుకాగితముతో రుద్ది సరిచేయవలెను. ఈ కాగితమునే ఉప్పుకాగితమని వాడుక. గుడ్డపీలికలు, అగ్గిపుల్లలు కుక్కుట మన యిండ్లలో అలవాటు. గుడ్డ నలిగి రెండు నెలలలో మరల వదులగును.

కుసి కాలిని చొచ్చుకొని బయటికి కనబడు రకమైనచో చీలికతో బిగించుటయు కలదు. కుసి చివర రంపముతో ఒక గాటు వేసి, కూర్చిన తరువాత ఆ గాటులోనికి సన్నని కొయ్యచీలికను బంకతో కొట్టుదురు. ఇచట ఒక జాగ్రత్త కావలెను. చీలిక కాలి నారకు అడ్డముగా పడవలెను. నార వెంబడి పడినచో అది కుసిని బిగించుటకు మారుగా కాలినే రెండుగా చీల్చును. మా మేకులు చేసిన పని ఇదియే.

బంకను కుసికిని బెజ్జమునకును రెంటికిని పలుచగా పూయుడు. కూర్చిన తరువాత బిగింపు కావలెను. వడ్రంగి బిగింపు పనిముట్టు లేనివారికి నూలుతాడు చాలును. నాలుగు కాళ్ల చుట్టును తాడు రెండు పేటలుగా చుట్టి, నడుమ పుల్ల నుంచి మెలిపెట్టినచో ఎంత బిగువైనను వచ్చును. తాడు ఒరయుచోట పాతగుడ్డ మడిచి పెట్టుడు. వెంటనే ఒక దారముతో మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలువుడు. రెండును సమానముగా నున్నప్పుడే చట్రము సరిగా నున్నట్లు. నాలుగు కాళ్లును గచ్చుమీద ఆనుచున్నవేమో చూడుడు. తేడా సవరించుటకు ఇది సమయము, ఆరిన తరువాత చేయగలిగినది లేదు. బయటికి పొంగిన బంకను తడిగుడ్డతో తుడిచివేయుడు, లేనిచో అచ్చట పాలిషు పట్టదు. తెల్లబంకయైనను తాడు విప్పుటకు కొన్ని గంటలు ఆగి, కూర్చుండుటకు 24 గంటలు ఆగుట మంచిది. వానకాలమున ఇంకొక దినము అధికముగా నీయుడు.

బీటల సంగతి వేరు. బీట కనబడగానే పూడ్చుటకు పోరాదు. ఏ జాతి బీటయో తెలిసికొనవలెను. దెబ్బ తగిలి కొత్తగా చీలినది, రెండు ముఖములును శుభ్రముగా నున్నది మొదటిరకము. ఇది సులభసాధ్యము. బీటను కొంచెము తెరచి, సన్నని కత్తిమొనతో బంకను లోపలికి పంపి, ఒకసారి మూసి మరల తెరచి, బంక చివరివరకు పారిన తరువాత బిగించి కట్టుడు. విరిగిన పెచ్చులను పారవేయవలదు. పొట్లము కట్టి దాచుడు.

రెండవరకము కొయ్య కదలనీయక పోవుట వలన కలుగు బీట. బీరువా తలుపులోని పలకను వడ్రంగి బంక వేయక చట్రపు గాడిలో ఊరక నిలుపును. అది వెడల్పున ముడుచుకొనుటకును ఉబ్బుటకును అచ్చట చోటుండును. ఏటేట వేసిన రంగు ఆ గాడిలో గడ్డకట్టినను, ఎవరైన మేకు కొట్టినను పలక బందీయగును. వేసవిలో ముడుచుకొనలేక నడుమ పగులును. మందు బీటలో లేదు, అంచులలో నున్నది. సన్నని కత్తితో అంచుల చుట్టును రంగును కోసి, మేకు తీసి, పలకను విడిపించినచో రెండు సగములును దగ్గరకు జరుగును. అప్పుడు నడిమి అతుకునకు మాత్రమే బంక వేయవలెను. బల్లపై పలకయు అంతే. క్రిందినుండి మరచీలలతో గట్టిగా బిగించినందున అది పగులును. చట్రమునందలి ఆ రంధ్రములను పలక వెడల్పు దిక్కునకు కొంచెము పొడిగించినచో చీల బిగువుగా నుండియు పలకకు కదలికయుండును.

మూడవరకము ఏండ్లనాటి వెడల్పు బీట. దీనిని వేసవిలో, అనగా మిక్కిలి తెరుచుకొని యున్నపుడు, గట్టి లప్పముతో నింపుట పెద్ద పొరపాటు. వర్షములు రాగానే పలక ఉబ్బి, జరుగుటకు చోటులేక అంచులు నలుగును. మరుసటి వేసవికి బీట మునుపటికంటె పెద్దదగును. ఋతువునుబట్టి మారు సన్నని బీటకు, కొయ్య రంగు కలిపిన తేనెమైనము చాలును. అది మెత్తనిది గనుక పలకతోపాటు సర్దుకొనును. నిలకడగా నున్న వెడల్పు బీటకు అదేజాతి పాతకొయ్యనుండి అంచున పలుచనై వచ్చు బద్దను, నార దిక్కు కలియునట్లు కోసి, బంకతో దింపి, ఆరిన తరువాత చిత్రిక పట్టుదురు. బీట ఇంకను ప్రాకకుండ పలక అడుగున డమరుకమువంటి కొయ్యబిళ్లను పొదుగుటయు మంచి పద్ధతి. దీనికి మాత్రము చేయితిరిగిన వడ్రంగిని పిలుచుకొనుడు.

రంపపుపొట్టును బంకతో కలిపి నింపుట అందరికిని తెలిసిన ఉపాయము. దీనికి మన దేశమున మంచి సంప్రదాయమే యున్నది. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కర్ర తునకలను అతుకుటకు చింతగింజలపొడి, రంపపుపొట్టు కలిపిన మక్కును వాడుదురు. కాని బొమ్మ బరువు మోయదు. మేకుబెజ్జములను, చిన్న సొట్టలను పూడ్చుటకు ఇట్టి ముద్ద పనికివచ్చును. మనిషి బరువు మోయు అతుకునకు పనికిరాదు.

పని ముగిసిన తరువాత పాత పాలిషునంతయు గీకి కొత్తగా మెరిపింపవలెనని మనసగును. ఆగుడు. పాతసామాను మీది లక్కపాలిషు చాలచోట్ల బాగుగనే యుండును, మీద మురికి మాత్రమే చేరును. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప పలుచగా మైనము పూసి రుద్దినచో లోపలి కాంతి బయటపడును. రంగువేసిన పాతసామాను విషయమున ఒక హెచ్చరిక. మన దేశమున గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులలో సీసము అధికముగా నుండవచ్చును. వానిని పొడిగా రుద్ది దుమ్ము లేపుట పిల్లలకు ప్రమాదకరము. అవిసెనూనెతో తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు విసరరాదు. ఆ నూనె ఆరునపుడు వేడి పుట్టి, గుడ్డ తనంతట తానే అంటుకొనగలదు. వానిని ఆరుబయట విప్పి ఆరవేయుడు, లేదా నీటిలో ముంచుడు.

కొయ్యలో సూదిమొనవంటి రంధ్రములును, క్రింద పిండివంటి పొడియు కనబడినచో అది పుచ్చుపురుగు పని. చేవపట్టని తెల్లని భాగమునే అది ముఖ్యముగా తినును. ముందు ఆ సామానును తక్కినవానికి దూరముగా నుంచి, పురుగు తగిన మందుతో పూర్తిగా చచ్చిన తరువాతనే బంకపనికి పూనుకొనవలెను.

మన శ్రోతలలో కొందరి యిండ్లలో పాత వాల్వు రేడియో ఇంకను ఉండును. దాని పెట్టెమీది పలుచని కొయ్యపొర మూలలలో లేచుట సర్వసాధారణము. అచ్చట వజ్రమే వాడియున్నచో, గుడ్డమీదుగా గోరువెచ్చని ఇస్త్రీపెట్టెను కొంచెము సేపు ఆనించి, పిదప చల్లారువరకు బరువు పెట్టినచో పొర మరల పట్టుకొనవచ్చును. పాలిషు చెడునేమో ముందు కనబడని అంచున పరీక్షింపుడు. ఈ పనికి ముందు లోపలి యంత్రమును తెలిసినవారిచేత తీయించవలెను. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో విద్యుత్తు నిలిచియుండగలదు.

ఆ వృద్ధ వడ్రంగి మా కుర్చీకాలిని మూడు రోజులలో బాగుచేసెను. మేకు దిగిన చోట్ల టేకు ముక్కలు పొదిగెను. కాని వానిని రంగుతో కప్పలేదు. "కనపడనీయండి బాబూ, మరోసారి మేకు పట్టుకోకుండా గుర్తుంటుంది" అనెను. ఆ నాలుగు మచ్చలును నేటికిని ఉన్నవి. మా నాయనమ్మ తన చివరి సంవత్సరములు ఆ కుర్చీలోనే కూర్చుండి గడపినది.

ఈ వారము తీరిక చేసికొని మీ యింటి కుర్చీలను ఒక్కొక్కదానిని వెనుకనుండి పట్టుకొని కదలించి చూడుడు. పెద్దవారు కూర్చుండు కుర్చీతో మొదలుపెట్టుడు. కిర్రుమనునది యున్నచో అది విరుగువరకు ఆగవలదు, మేకు కొరకు వెదుకవలదు.